పట్టాలు పోయినా కట్ట ఉంది

నాన్న అమెరికా వచ్చిన నాలుగో రోజు తెల్లవారగానే నడకకు తీసుకెళ్లాను. అప్పటికింకా ఆయనకు పగలు నిద్ర, రాత్రి మెలకువ. వర్జీనియా రాష్ట్రం ఆష్‌బర్న్‌లో మా ఇంటి నుంచి పది నిమిషాలు నడిస్తే ఒక తారు దారి వస్తుంది. పది అడుగుల వెడల్పు, నడుమ పసుపు గీత, పక్కన చెట్లు, నెత్తిన కరెంటు తీగలు. కార్లు రావు. ఎవరి అమ్మానాన్నలు వచ్చినా మా వీధిలో వాళ్లం ముందు అక్కడికే తీసుకెళ్తాం. గుడి కూడా ఆ తర్వాతే.

"ఇది పార్కు నాన్నా. నడవడానికీ, సైకిలు తొక్కడానికీ" అన్నాను.

ఆయన ఓ వంద అడుగులు వేసి ఆగారు. వెనక్కి చూశారు, ముందుకు చూశారు. అంచుకు వెళ్లి గడ్డి మొలిచిన వాలు ఎంత కిందికి దిగుతుందో చూసి వచ్చారు. "పార్కేమిటమ్మా, ఇది లైను" అన్నారు.

నేనేమీ చెప్పలేదు. చెప్పి ఆశ్చర్యపరుద్దామనుకున్నది ఆయనే చెప్పేశారు. నాన్న రైల్వేలో చాలా ఏళ్లు కీమన్. భుజాన సుత్తీ స్పానరూ, సంచిలో ఎర్ర జెండా, పచ్చ జెండా. వెళ్లేటప్పుడు ఒక పట్టా, వచ్చేటప్పుడు రెండో పట్టా చూసుకుంటూ నడవడమే ఉద్యోగం. ఎలా కనిపెట్టారని అడిగాను.

"రోడ్డు వేసేవాడు గుట్ట వస్తే ఎక్కుతాడు, పల్లం వస్తే దిగుతాడు. ఇక్కడ గుట్టను కోశారు, పల్లాన్ని నింపారు. ఆ మలుపు చూడు, ఎక్కడ మొదలైందో తెలియకుండా తిరుగుతోంది. ఇంత మర్యాద ఇంజనుకు తప్ప ఎవరికి చేస్తారు?"

ఏడేళ్లుగా ఆ దారిమీద సైకిలు తొక్కుతున్నాను. మలుపు ఎక్కడ మొదలవుతుందో ఎప్పుడూ చూడలేదు.

ఈ వ్యాసం రాయడానికి కారణం మాత్రం ఆ నడక కాదు. తర్వాత రెండు వారాలకు ఒక స్నేహితుల ఇంట్లో భోజనాల దగ్గర జరిగిన వాదన. ఒకాయన, "రైలును చంపి దాని సమాధి మీద పార్కు కట్టుకున్నారు. దాన్ని మనం మెచ్చుకోవాలా?" అన్నారు. ఇంకొకావిడ, "మన రాజమండ్రి పాత వంతెనను కూడా ఇలాగే చేస్తే ఎంత బాగుంటుంది!" అన్నారు. నాన్న పెరుగన్నం కలుపుకుంటూ ఇద్దరినీ విన్నారు గానీ ఏమీ అనలేదు. నేను మాత్రం ఆ రాత్రి నుంచి ఇద్దరితోనూ మనసులో వాదిస్తూనే ఉన్నాను.

తీగలు కాపాడిన దారి

ఈ దారి పేరు వాషింగ్టన్ అండ్ ఓల్డ్ డొమినియన్ ట్రైల్. వాషింగ్టన్ నగరానికి నది ఇవతల, ఆర్లింగ్టన్‌లోని షర్లింగ్టన్ దగ్గర మొదలై ఫాల్స్ చర్చ్, వియన్నా, రెస్టన్, హెర్న్‌డన్, ఆష్‌బర్న్, లీస్‌బర్గ్ మీదుగా పర్సెల్‌విల్ వరకు 45 మైళ్లు పోతుంది. చాలా చోట్ల వెడల్పు వంద అడుగులు మాత్రమే. పార్కు అన్న మాటకు ఇంత సన్నటి, ఇంత పొడవాటి అర్థం ఉంటుందని ఇక్కడికి వచ్చేదాకా నాకు తెలియదు.

రైలు కథ 1847లో అనుమతి పత్రంతో మొదలైంది. 1860లో బండి లీస్‌బర్గ్ చేరింది. ఆ మరుసటి ఏడే అంతర్యుద్ధం వచ్చి వంతెనలను తగలబెట్టింది. తర్వాత చేతులు మారుతూ, పేర్లు మార్చుకుంటూ, 1900 నాటికి బ్లూ రిడ్జ్ కొండల దగ్గర బ్లూమాంట్ దాకా పాకింది. కొన్ని దశాబ్దాలు కరెంటుతో కూడా నడిచింది. ఎప్పుడూ పెద్దగా సంపాదించిన లైను కాదు. ప్రయాణికుల బండి 1951లో ఆగింది, సరుకుల బండి 1968లో. దాని చివరి ఘనకార్యాల్లో ఒకటి మా పక్కనే ఉన్న వాషింగ్టన్ డల్లస్ విమానాశ్రయం కట్టడానికి ఇసుకా సామగ్రీ మోయడం. తనను మరిపించే వాహనానికి తనే ఇటుకలు మోసి పెట్టిందన్నమాట.

ఆ తర్వాతి ముక్క చెబితే "ప్రకృతి ప్రేమికుల విజయం" అని మురిసిపోయేవాళ్లు కాస్త నిరుత్సాహపడతారు. రైలు ఆగగానే ఆ నేలలో అత్యధిక భాగాన్ని కొన్నది కరెంటు కంపెనీ. పెద్ద తీగలు లాగడానికి తెగకుండా సాగే పొడవాటి పట్టీ దానికి కావాలి. రైలుకు కావలసిందీ సరిగ్గా అదే. ఆ తీగల కింద నడక దారి వేసుకుంటామని ఉత్తర వర్జీనియా ప్రాంతీయ పార్కుల సంస్థ బేరమాడింది. 1974లో ఫాల్స్ చర్చ్‌లో చిన్న ముక్క వేసి చూశారు. జనం విరగబడి వచ్చారు. ఆ తర్వాత ముక్క ముక్కా కలుపుకుంటూ 1988కి పర్సెల్‌విల్ చేరారు.

ఆ తీగలు లేకపోతే ఏమయ్యేదో ఊహించడానికి కష్టపడనక్కర్లేదు, ఆర్లింగ్టన్ వెళ్లి చూస్తే చాలు. అక్కడ లైనులో కొంత భాగాన్ని రహదారుల శాఖ తీసుకుంది. ఇవాళ అక్కడ 66వ నంబరు రహదారి హోరుమంటూ ఉంటుంది. దారి దాని పక్కన, దాని గోడల నీడలో సర్దుకుని పోతుంది. మా వైపు మాత్రం చెట్లు, జింకలు, అప్పుడప్పుడు నక్క. ఇప్పుడు వాటితోపాటు డేటా సెంటర్లు కూడా. కిటికీలు లేని ఆ బూడిద రంగు పెట్టెల పక్కనుంచి పోతుంటే తీగలను తిట్టుకునే హక్కు నాకు లేదనిపిస్తుంది. నా జీతం వచ్చేది అలాంటి పెట్టెలోంచే.

కాబట్టి నేను చెప్పదలుచుకున్నది ఇది. ఆ భోజనాల దగ్గర ఇద్దరూ పైనున్నదాని గురించి మాట్లాడుతున్నారు. రైలా, పార్కా అని. పైనున్నది మారుతూనే ఉంటుంది. పోతే తిరిగి రానిది కింద ఉన్న కట్ట. ఊళ్లను కలుపుతూ తెగకుండా సాగే ఆ వంద అడుగుల నేల. దాన్ని ముక్కలు కాకుండా నిలబెట్టే పని ఏదైనా, తీగైనా తారైనా, నేను దానివైపే.

"సమాధి" అన్న మాట

అయినా ఆ పెద్దమనిషి మాటను అంత తేలిగ్గా తోసెయ్యలేను. 2022 నవంబరులో మా ఆష్‌బర్న్‌కు మెట్రో వచ్చింది. సిల్వర్ లైను. దశాబ్దాలు చర్చించి, కోట్ల కోట్ల డాలర్లు పోసి కట్టారు. హెర్న్‌డన్ స్టేషనుకు వెళ్తే రైలు రహదారి మధ్యలో ఆగుతుంది. అటూ ఇటూ కార్లు, పైనుంచి నడక వంతెన. అదే ఊళ్లో నడిబొడ్డున, దుకాణాల మధ్య, పాత రైలు స్టేషను చెక్క భవనం ఇప్పటికీ ఉంది. మ్యూజియం. దాని ముందునుంచి పోయేది మన తారు దారి. అక్కడ బెంచీ మీద కూర్చున్న ప్రతిసారీ, ఊరి మధ్యలోకి వచ్చే రైలును పోగొట్టుకుని ఊరి బయట రైలును కొనుక్కున్నారు కదా అనిపిస్తుంది.

ఇంటికి వచ్చి మ్యాపు తెరిస్తే ఆ బాధ కొంత తగ్గుతుంది. ఇవాళ ఉద్యోగాలున్న టైసన్స్ పాత లైను మీద లేదు. మెట్రోను అటు తిప్పక తప్పదు. పాత లైను చాలా వీధులను నేలమీదే దాటుతుంది. అయిదు నిమిషాలకో బండి నడిపితే ఇన్ని గేట్లు ఎవరు వేస్తారు, ఎవరు తీస్తారు? నాన్ననడిగితే నవ్వారు. "గేట్‌మన్లకు జీతాలిచ్చేసరికి మీ కంపెనీ అమ్ముకోవాలి."

అయితే ఒక సంగతి ఒప్పుకోవాలి. రేపెప్పుడైనా నిజంగా రైలు అవసరమై ఈ దారి మీద పట్టాలు వేస్తామంటే ఏమవుతుంది? మా ప్రాంతమంతా రోడ్డెక్కుతుంది. నేనూ ఎక్కుతాను, సైకిలుతో సహా. అంటే కట్టను కాపాడిన ప్రేమే కట్టను బంధించిందన్నమాట. అమెరికాలో 1983లో ఒక చట్టం చేశారు. మూతపడే లైనును నడక దారికి అప్పగిస్తే అది వదిలేసినట్టు కాదు, ఎప్పుడు కావలిస్తే అప్పుడు పట్టాలు వేసుకునే హక్కు ఉంటుంది అని. మా దారి ఆ చట్టం కంటే ముందరిది. కాగితం మీద ఆ మాట చక్కగా ఉంది. కానీ తన కూతురికి సైకిలు నేర్పిన చోట గూడ్సు బండి రావడానికి ఒప్పుకునే తండ్రి నాకింకా ఎదురుపడలేదు.

నాన్న చిన్నప్పటి ట్రైలు

నాన్నది ద్రాక్షారామం దగ్గర పల్లె. కాకినాడ నుంచి కోటిపల్లి దాకా 45 కిలోమీటర్ల రైలు లైను ఆ పక్కనుంచే పోయేది. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో పట్టాలు పీకి యుద్ధం పనులకు పట్టుకుపోయారు. ఆ తర్వాత పుట్టిన నాన్నకు అక్కడ రైలు తెలియదు. కట్ట తెలుసు.

"ఊళ్లో అందరం రైలు కట్ట అనేవాళ్లం. నా ఈడు పిల్లలెవరూ దాని మీద రైలును చూడలేదు. వానాకాలం చేలు మునిగితే పొడిగా మిగిలేది అదొక్కటే. బడికి దాని మీదే, మార్కెట్టుకు దాని మీదే, పెళ్లి వచ్చినా చావు వచ్చినా దాని మీదే" అన్నారు. ఈ సంగతి హెర్న్‌డన్‌లో ఆ పాత స్టేషను బెంచీ మీద కూర్చుని చెప్పారు. ఎదురుగా పిల్లలు హెల్మెట్లు పెట్టుకుని పోతున్నారు. నాకు ఒళ్లు ఝల్లుమంది. అమెరికావాళ్లు కమిటీలు వేసి, బేరాలాడి తారు పోసి చేసుకున్నదాన్ని మా ఊరివాళ్లు ఎవరినీ అడగకుండా కాళ్లతో చేసుకున్నారు.

అక్కడ కథ ఇంకో మలుపు తిరిగింది. లోక్‌సభ స్పీకరుగా ఉన్న బాలయోగి గారు పట్టుబట్టి ఆ లైనుకు మళ్లీ ప్రాణం పోయించారు. 2002లో హెలికాప్టర్ ప్రమాదంలో ఆయన పోయారు, రైలు 2004లో వచ్చింది. అరవై ఏళ్ల తర్వాత. నాన్న వాదనంతా దాని మీదే నిలబడుతుంది. "కట్ట ఉంది కాబట్టి పట్టాలొచ్చాయి. కట్టే లేకపోతే ఎవడి చేల మీద వేస్తారు?"

ఇక్కడ ఆపేస్తే నా వాదనకు బాగుంటుంది. కానీ మా మేనత్త ఒకావిడ ఉంది. ఆవిడకు ఆ రైలంటే మంట. చాలా ఏళ్లు ఆ లైను మీద తిరిగింది ఒక్క పెట్టె రైల్‌బస్సు. "ఆ ఒక్క పెట్టె బండి కోసం మా దారి తీసేసుకున్నారు. కంకర పోశాక చెప్పుల్లేకుండా నడవగలమా?" అనేది. కోటిపల్లి నుంచి గౌతమి దాటించి నరసాపురం కలపాలన్న పని మంజూరై రెండు దశాబ్దాలు దాటింది. ఆ వంతెన పూర్తయి, ఆ కొస నుంచి ఈ కొసకు బండ్లు నడిస్తే మా అత్త కోపం చల్లారేదేమో. రైలు తిరిగి రావడమే విజయం అనుకుంటే, ఆ విజయంలో ఆవిడ పోగొట్టుకున్నది లెక్కకు రాదు. ఒకే కట్ట మీద ఇద్దరి హక్కు ఉన్నప్పుడు ఎవరిది ముందు అన్నదానికి నా దగ్గర సూత్రం లేదు. వంద అడుగుల వెడల్పు ఉన్నచోట ఇద్దరికీ చోటివ్వవచ్చు కదా అన్న ఆశ మాత్రం ఉంది. వియన్నా నుంచి పర్సెల్‌విల్ దాకా మా తారు దారి పక్కనే గుర్రాల కోసం కంకర బాట విడిగా ఉంటుంది. ఇక్కడ గుర్రానికి దొరికింది అక్కడ మా అత్తకు దొరకలేదు.

భూమి ఎవరిది?

నన్ను ఎక్కువగా తికమక పెట్టే వాదన ఇది. రైలు కోసమని తాతలు నేల ఇచ్చారు, రైలు పోయింది, నేల మాది మాకివ్వండి అనేవాళ్ల వాదన. వెర్మాంట్ రాష్ట్రంలో ఇలాంటి దంపతుల కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 1990లో కోర్టు ఆ 1983 చట్టం చెల్లుతుందని చెప్పింది, అయితే నష్టపరిహారం అడగవచ్చనీ చెప్పింది. తెలుగువాళ్లకు ఈ వాదన కొత్తగా వినిపించదు. రైలు కోసమో కాలువ కోసమో సెజ్ కోసమో చేను పోయిన ఇల్లు మన చుట్టాల్లో ఒక్కటైనా ఉంటుంది. ఒక పనికి తీసుకున్న నేలను ఇంకో పనికి వాడితే కడుపు మండడం సహజం.

అయినా ఆ నేలను తిరిగి చీల్చి ఇచ్చెయ్యమని నేననలేను. డబ్బు ఇవ్వండి, న్యాయంగా ఇవ్వండి. ఎందుకంటే వందమంది దగ్గర తీసుకుని కలిపితేనే అది కట్ట అయింది. మళ్లీ వందమందికి పంచితే ఒక్కొక్కరికి వచ్చేది చేను కూడా కాదు, చేని గట్టు.

ఎవరి విహారం?

వెంటనే మరొక గొడవ. ఈ దారికి ప్రభుత్వం పెట్టిన పేరు విహార మార్గం. మంచి పేరే. శనివారం పొద్దున బిగుతు బట్టలేసుకుని గంటకు పాతిక మైళ్ల వేగంతో పోతూ "ఎడమ పక్కనుంచి వస్తున్నా" అని అరిచేవాళ్లను చూస్తే నిజమే అనిపిస్తుంది. నాన్న మొదటిసారి ఆ అరుపు విని, పట్టాల మీద బండి కూత విన్నట్టు చటుక్కున పక్కకు దిగి నిలబడ్డారు. పోయినాయన చెయ్యి ఊపాడు. నాన్న అలవాటుగా చెయ్యెత్తి సరే అన్నట్టు చూపించారు, చేతిలో పచ్చ జెండా లేదంతే.

కానీ నవంబరులో సాయంత్రం అయిదున్నరకు వచ్చి చూడండి. చీకటి. మా వైపు చాలా దూరం దీపాలు లేవు. ఆ చీకట్లో హెర్న్‌డన్ వైపునుంచి ఒకాయన వస్తుంటాడు. వంటింటి గళ్ల ప్యాంటు, మీద మందపు కోటు, హ్యాండిలుకు ప్లాస్టిక్ సంచి. సైకిలుకు లైటు లేదు, ఫోనును చొక్కా జేబులో పెట్టుకుని దాని వెలుతురుతో తొక్కుతాడు. ఒకసారి నా గొలుసు ఊడితే ఆగి ఎక్కించి ఇచ్చాడు. వేళ్లకు ఉల్లిపాయ వాసన. మా ఇద్దరికీ కలిసిన భాష కొంచెమే. స్టెర్లింగ్‌లో ఇల్లు, హెర్న్‌డన్‌లో పని, కారు లేదు అన్నంతవరకు అర్థమైంది. ఆయనకది విహార మార్గం కాదు, రోడ్డు. విహారం అని పేరు పెట్టాక దీపాలు విలాసం అయిపోతాయి, మంచు తియ్యడం దుబారా అయిపోతుంది. వీధి దాటే చాలా చోట్ల ఆగాల్సింది సైకిలువాడే, కారువాడు కాదు. కొన్నిచోట్ల మార్పు వస్తోంది. ఫాల్స్ చర్చ్‌లో ఈమధ్య నడిచేవాళ్లకు ఒకటి, సైకిళ్లకు ఒకటి విడివిడిగా దారులు వేశారు. రోడ్డుకు ఇచ్చే గౌరవం అది.

రాజమండ్రి పాత వంతెన విషయంలో నా భయం కూడా ఇదే. హేవ్‌లాక్ వంతెన 1900లో మొదలై 1997 దాకా బండ్లను మోసింది. 56 ఖానాలు, దాదాపు మూడు కిలోమీటర్లు. దాన్ని పర్యాటక ఆకర్షణ చేస్తామని ఎన్నో ఏళ్లుగా వింటున్నాం. 2025లో అఖండ గోదావరి ప్రాజెక్టులో చేర్చి శంకుస్థాపన కూడా చేశారు. సంతోషం. నాన్న ఆ వంతెన మీద సుత్తి పట్టుకుని నడిచారు. బండి వస్తే తప్పుకుని నిలబడేందుకు అక్కడక్కడా వదిలిన చిన్న అరుగు మీద, కింద గోదావరి, వీపు వెనక బండి పోతుంటే నిలబడ్డారు. ఆయన కోరిక చిన్నది. రాజమండ్రిలో ఎక్కినవాడు కొవ్వూరులో దిగాలి. టిక్కెట్టు కొని సగం దాకా వెళ్లి, ఫొటో దిగి, ఐస్‌క్రీము తిని వెనక్కి వచ్చేదైతే అది వంతెన కాదు, పొడవాటి బాల్కనీ. పాలవాడు, విద్యార్థి, పనికి పోయే ఆడమనిషి దాని మీద సైకిలుతో నది దాటగలిగితే, సాయంత్రం షికారుకు వచ్చేవాళ్లకు అడ్డం వస్తారా ఏమిటి?

భోజనాల దగ్గర ఈ వంతెన మాట ఎత్తిన ఆవిడకు ఫోను చేసి ఇదే చెప్పాను. "ముందు కట్టనివ్వవే, తర్వాత పోట్లాడుదువు గాని" అంది. అదీ ఒక వాదనే.

తూము

నాన్న ఇక్కడున్న మూడు నెలలూ రోజూ ఆ దారి మీద నడిచారు. ఆయన అంగ చిన్నది, పట్టాల కింద అడ్డంగా వేసే రెండు స్లీపర్ల మధ్య ఎడం ఎంతో అంతే. తారు మీద కూడా అది మారలేదు. వెళ్లేటప్పుడు కుడి అంచు, వచ్చేటప్పుడు రెండో అంచు. రెండో వారంలో ఒక తూము దగ్గర ఆగి వంగి చూసి, ఆకులూ కొమ్మలూ అడ్డంపడి నీరు నిలుస్తోందని పట్టుకున్నారు. "కట్టకు శత్రువు బండి కాదమ్మా, నీళ్లు. ఇవాళ నిలిచిన చోట రేపు కుంగుతుంది. ఎవరికి చెప్పాలో వాళ్లకు చెప్పు" అన్నారు. ఫోనులో ఫొటో తీసి, దగ్గరున్న మైలు రాయి నంబరు వేసి పార్కు ఆఫీసుకు పంపాను. చేరిందని ఒక్క వాక్యం జవాబొచ్చింది.

ఆయన వెళ్లిపోయి ఆరు వారాలైంది. ఆదివారాలు ఫోను చేస్తే పిల్లల సంగతి, అల్లుడి సంగతి, నా నడుం నొప్పి సంగతి అడుగుతారు. తర్వాత తూము సంగతి. మొన్న వెళ్లి చూశాను. కొమ్మలు తీశారు, ఆకులు అలాగే ఉన్నాయి. ఆ మాటే చెప్పాను. కాసేపు అవతల చప్పుడు లేదు.

"వాన ఎప్పుడంటున్నారు అక్కడ?" అన్నారు.